సెయిల్ బోటు సైలెన్సర్ నుంచి నీళ్ళు తగ్గాయి, తెల్ల పొగ వస్తోంది: ఎల్బో మార్చాలా?

ప్రశ్న అడిగిన తమ్ముడిది తాడిపత్రి దగ్గర పల్లె. కువైట్‌లో ఒక సెయిల్ బోటుకు మెకానిక్, డ్రైవర్, వాచ్‌మన్ అన్నీ తనే. అడిగింది క్లుప్తంగా ఇది: 34 అడుగుల బోటు, మూడు సిలిండర్ల 29 హార్స్‌పవర్ డీజిల్ ఇంజన్. వారం నుంచి వెనక సైలెన్సర్ పైపులోంచి నీళ్ళు తక్కువగా పడుతున్నాయి, తెల్ల పొగ వస్తోంది, శబ్దం కూడా మారింది. టెంపరేచర్ అలారం మాత్రం మోగలేదు. పక్క బోటు వాళ్ళు ఎల్బో (ఇంజన్ పొగలో నీళ్ళు కలిసే వంపు గొట్టం) పోయింది, కొత్తది వెయ్యమంటున్నారు. శుక్రవారం కఫీల్ (పనిలో పెట్టుకున్న యజమాని) ఫ్రెండ్స్‌తో వస్తాడంట. ఆర్డర్ పెట్టేయాలా అన్నా, అని.

తమ్ముడూ, ముందు జవాబు చెప్పేస్తా. ఎల్బో ఇప్పుడే కొనొద్దు. నీళ్ళు తగ్గాయంటే నీళ్ళు వచ్చే దారి మొత్తం చూడాలి. ఆ దారి బోటు అడుగున సీకాక్ (సముద్రపు నీళ్ళు లోపలికొచ్చే వాల్వ్) దగ్గర మొదలై స్ట్రైనర్ (చెత్త ఆపే జల్లెడ), పంపులో ఇంపెల్లర్ (నీళ్ళు తోసే రబ్బరు రెక్కల చక్రం), కూలెంట్‌ను చల్లార్చే హీట్ ఎక్స్‌ఛేంజర్ దాటుకుని ఎల్బో దగ్గరికి వస్తుంది. ఎల్బో ఆ వరుసలో చివరిది. దాన్ని కూడా విప్పి చూడాల్సి రావొచ్చు, కానీ కొనాలా వద్దా అనేది చూశాక తేల్చుకునే మాట. ముందున్నవన్నీ చూడ్డానికి ఒక పూట పడుతుంది. చాలాసార్లు అక్కడ అయ్యే ఖర్చు ఒక ఇంపెల్లరు, ఒక ప్యాకింగు.

రెండో మాట, ఇది తేలేదాకా ఆ ఇంజన్‌ను నడపొద్దు. అలారం మోగలేదు కదా అనే ధైర్యం ఇక్కడ పనికిరాదు.

ఎందుకో చెప్తా. నేను ఇప్పుడు కడపలో డీజిల్ పంపుసెట్లు, జనరేటర్లు బాగుచేసే షెడ్డు నడుపుతున్నా. అంతకుముందు చాలా ఏళ్ళు కువైట్‌లో బోటు ఇంజన్ల పనే చేశా. ఇక్కడి జనరేటర్‌కు సైలెన్సర్ అంటే ఇనుప గొట్టం, ఎర్రగా కాలినా గాలికి చల్లారుతుంది. సెయిల్ బోటులో ఇంజన్ మెట్ల కింద చిన్న పెట్టెలో ఉంటుంది, చుట్టూ ఫైబర్, చెక్క, పక్కనే మనుషులు పడుకునే జాగా. లోడు మీద సిలిండర్ నుంచి బయటికొచ్చే పొగ వేడి 400, 500 డిగ్రీలు. అంత వేడి గొట్టాన్ని అక్కడ పెట్టలేం. అందుకే ఇంజన్‌ను చల్లార్చి వచ్చిన సముద్రపు నీళ్ళను ఎల్బోలో ఆ పొగలోకి వదులుతారు. పొగ అక్కడికక్కడే చల్లబడుతుంది. ఆ తర్వాత పైపంతా రబ్బరే, సైలెన్సర్ డబ్బా కూడా చాలా బోట్లలో ప్లాస్టిక్కే.

అంటే ఆ నీళ్ళు ఊరికే బయటికి పోయే వేస్టు నీళ్ళు కావు. అవి తగ్గితే ముందు దెబ్బ తినేది ఇంజన్ కాదు, రబ్బరు హోస్. నీ అలారం సెన్సర్ ఉండేది ఇంజన్ లోపల తిరిగే కూలెంట్‌లో. ఎండలు ముదరని మార్చిలో, తక్కువ ఆర్‌పీఎంలో, సగం నీళ్ళు వచ్చినా కూలెంట్ తట్టుకుంటుంది. ఈలోగా ఎల్బో తర్వాత ఉన్న హోస్ లోపలి పొర మాత్రం మాడిపోతూ ఉంటుంది. అలారం మోగేసరికి పైపు ఎప్పుడో పోయి ఉంటుంది. అందుకే నేను పని చూసిన బోట్లన్నిటికీ ఎల్బో వెనకాల హోస్ మీద విడిగా ఒక టెంపరేచర్ అలారం పెట్టించేవాణ్ణి. పెద్ద ఖరీదు కాదు. మీ కఫీల్‌ను అడగాల్సిన వస్తువు ఏదైనా ఉందంటే, కొత్త ఎల్బో కంటే ముందు అదే.

ఇక పొగ సంగతి. తెల్లగా కనపడేదంతా ఒకటి కాదు. బయటికొచ్చిన కొద్ది దూరంలోనే మాయమైపోయి, వాసన లేకుండా తడిగా తగిలితే అది ఆవిరి. నీళ్ళ మీద అలాగే నిలబడి, కళ్ళు మండించి, పచ్చి డీజిల్ వాసన కొడితే, కింద నీళ్ళ మీద రంగురంగుల పొర తేలితే అది కాలని డీజిల్. అప్పుడు ఇంజెక్టర్లు, కంప్రెషన్ వైపు చూడాలి, అది వేరే కథ. చలికాలం పొద్దున్నే స్టార్ట్ చేస్తే కాస్త ఆవిరి మామూలే, దానికి భయపడక్కర్లేదు. నీకు నీళ్ళు తగ్గాయి, పొగ వచ్చింది, శబ్దం డొల్లగా మారింది. మూడూ ఒకేసారి వచ్చాయి కాబట్టి ఇది ఆవిరే అని నా లెక్క.

ఎల్బో మూసుకుపోవడం కూడా రెండు రకాలు. నీళ్ళు వచ్చే సన్న దారి మూసుకుపోతే నీకు వచ్చినట్టే ఆవిరి వస్తుంది. పొగ పోయే పెద్ద దారి మసితో, ఉప్పుతో పూడుకుపోతే నీళ్ళు బాగానే పడతాయి కానీ నల్ల పొగ వస్తుంది, ఎంత తొక్కినా ఇంజన్ పూర్తి ఆర్‌పీఎం అందుకోదు. ఈ రెండోదాన్ని చాలామంది ఇంజెక్టర్ల మీదికో, టర్బో ఉంటే దాని మీదికో, ప్రొపెల్లర్ మీదికో తోసేసి డబ్బులు తగలేస్తారు.

సీకాక్ నుంచి మొదలుపెట్టు. నీది మామూలు షాఫ్టా, సెయిల్‌డ్రైవా (ప్రొపెల్లర్ ఇంజన్ కింద నుంచి నీళ్ళలోకి దిగే కాలుకు ఉండే రకం) అనేది నువ్వు రాయలేదు. సెయిల్‌డ్రైవ్ అయితే నీళ్ళు పీల్చే రంధ్రాలు నీళ్ళలో ఉన్న ఆ కాలికే ఉంటాయి, వాటిలో నత్తగుల్లలు పట్టేస్తాయి. బోటు వాడకుండా నెల రోజులు కట్టేసి ఉంచితే చాలు. ఒక డైవర్‌ను దింపి గీకిస్తే పని అయిపోతుంది. షాఫ్టు బోటయితే సీకాక్ మూసి, దాని మీద హోస్ ఊడదీసి, కింద బకెట్ పట్టుకుని ఒక్క క్షణం తెరువు. నీళ్ళు ఉరికి రావాలి. సన్న ధారగా వస్తే అక్కడే ఉంది నీ దొంగ. సీకాక్ పిడి తిరుగుతోంది కాబట్టి లోపల వాల్వ్ కూడా తిరుగుతోందని నమ్మొద్దు. ఒక బోటులో పిడి చక్కగా తిరిగేది, లోపల కడ్డీ అరిగిపోయి వాల్వ్ సగంలోనే నిలబడిపోయింది. ఆ బోటుకు నాకంటే ముందు చూసినవాళ్ళు ఎల్బో రెండుసార్లు మార్చారు.

స్ట్రైనర్ విప్పి నాచు, జెల్లీ ఫిష్ ముక్కలు తీసెయ్. దీంట్లో పెద్దగా చెప్పేదేం లేదు, ఒక్కటి తప్ప: మూత కింద రబ్బరు రింగు. అది ఎండిపోయి పగిలితే నీళ్ళు కారవు, గాలి పీలుస్తుంది. పంపు నీళ్ళకు బదులు గాలి లాగుతుంది. పైకి ఏ లీకూ కనపడదు కాబట్టి దీన్ని పట్టుకోవడం కష్టం. స్ట్రైనర్ మూత అద్దంలా ఉండే రకమైతే ఇంజన్ నడిచేటప్పుడు లోపల బుడగలు కనిపిస్తాయి.

తర్వాత ఇంపెల్లర్. నేను పందెం కాయాల్సి వస్తే దీని మీదే కాస్తా. సీకాక్ మూసెయ్, పంపు ముందున్న పలక స్క్రూలు విప్పు. ఇత్తడి స్క్రూలు, తల అరగ్గొట్టొద్దు, సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవర్ పట్టుకో. కింద ఒక గుడ్డ పరుచుకో, స్క్రూ ఒక్కటి జారి బిల్జ్‌లో, అంటే బోటు అడుగు గుంతలో పడితే పూటంతా దాని కోసమే వెతుకుతావు. ఇంపెల్లర్‌ను స్క్రూడ్రైవర్లతో పెకిలించకుండా లాగి బయటికి తియ్. రెక్కలు ఒక్కొక్కటే వేలితో వంచి మొదట్లో చూడు. పగులు అక్కడే మొదలవుతుంది, నిటారుగా ఉన్నప్పుడు కనపడదు. అన్నీ ఒకే వైపు వంగిపోయి వెనక్కి రాకపోతే అది చచ్చిపోయినట్టే.

రెక్క ఊడి ఉంటే అసలు పని అప్పుడు మొదలవుతుంది. ఊడిన ముక్కలన్నీ లెక్కకు దొరకాలి. కొత్త ఇంపెల్లర్ వేసి, నీళ్ళు కాస్త పెరిగాయి కదా అని చేతులు దులుపుకుంటారు చాలామంది. ఆ ముక్కలు ఎక్కడికీ పోవు, హీట్ ఎక్స్‌ఛేంజర్ మూతి దగ్గర గొట్టాల మీద అడ్డంపడి కూర్చుంటాయి. లేదంటే పంపు తర్వాత ఉండే మొదటి మలుపులో ఇరుక్కుంటాయి. పాత ఇంపెల్లర్‌ను బల్ల మీద పెట్టి, దొరికిన ముక్కలు అతికించినట్టు పేర్చి చూడు. ఎన్ని తక్కువయ్యాయో తెలిసిపోతుంది. నీకంటే ముందు పనిచేసినవాడు వదిలేసిన ముక్కలు కూడా దొరకొచ్చు, రంగు వేరేగా ఉంటుంది.

పంపు పలక లోపలి వైపు వేలు పెట్టి తడిమి చూడు. గుండ్రంగా గాడి తగిలితే అరిగిందని. మరీ లోతు లేకపోతే పలకను తిప్పి బిగించి పని నడిపించొచ్చు, బయటి వైపు అక్షరాలు చెక్కి ఉంటే వాటిని ముందు నునుపు చెయ్యాలి. కొత్త ఇంపెల్లర్‌కు గ్లిజరిన్ గానీ, ఏమీ దొరక్కపోతే గిన్నెలు తోమే లిక్విడ్ గానీ రాయి. గ్రీజు, ఇంజన్ ఆయిల్ వద్దు, రబ్బరు పాడవుతుంది. పంపు తిరిగే వైపు చూసుకుని రెక్కలు వెనక్కి వాలేలా తొయ్. పంపు ఒంటి కింద చిన్న రంధ్రం ఒకటి ఉంటుంది. అందులోంచి నీళ్ళు గానీ ఆయిల్ గానీ కారుతుంటే సీలు పోయిందని అర్థం. కారుతోంది కదా అని దాన్ని ఎం-సీల్‌తో మూసేసినవాళ్ళను చూశా. మూసేస్తే ఆ ఉప్పు నీళ్ళు ఇంజన్ ఆయిల్‌లోకి దారి వెతుక్కుంటాయి. ఆ రంధ్రం పెట్టిందే నిన్ను హెచ్చరించడానికి.

హీట్ ఎక్స్‌ఛేంజర్ రెండు వైపులా మూతలు విప్పితే సన్న గొట్టాల కట్ట కనిపిస్తుంది. టార్చి ఒక వైపు పెట్టి ఇంకో వైపు నుంచి చూడు. వెలుతురు రాని గొట్టాలు ఎన్నున్నాయో అన్ని మూసుకుపోయాయి. మన కడపలో బోరు నీళ్ళు వాడే ఇళ్ళలో గీజర్ కాయిల్‌కు తెల్లటి పక్కు పడుతుంది కదా, ఇదీ అలాంటిదే, కాకపోతే వేగం ఎక్కువ. మామూలు సముద్రంలో లీటరుకు 35 గ్రాముల ఉప్పు ఉంటే మీ దగ్గర 40 దాటి ఉంటుంది. వేసవిలో నీళ్ళే 35 డిగ్రీలు దాటుతాయి. అందుకే ఎక్కడో చల్లటి దేశంలో బోటు నడిపేవాడు రాసిన లెక్కలు నీకు పట్టవు. వాడు రెండేళ్ళకోసారి అన్నది నువ్వు ఏటా చెయ్యాల్సి వస్తుంది.

ఇనుప కడ్డీతో పొడవొద్దు, గొట్టం చిల్లు పడితే కొత్త కట్ట వెయ్యాలి. సన్న చెక్క పుల్ల వాడు. కట్ట విడిగా ఊడి వచ్చే రకమైతే బకాలాలో (కిరాణా కొట్లో) దొరికే తెల్ల వెనిగర్‌లో రాత్రంతా నానబెట్టు, పొద్దున మంచినీళ్ళతో కడుగు. గట్టి యాసిడ్ జోలికి పోవద్దు, చుట్టూ ఉన్న పెట్టె అల్యూమినియం అయితే తినేస్తుంది. జింక్ కడ్డీ (మిగతా లోహాల బదులు తను కరిగిపోయేది) ఉంటే దాన్ని కూడా విప్పి చూడు. సగం కరిగితే మార్చు, విరిగిన జింక్ ముక్క లోపల ఉండిపోకుండా తీసెయ్.

ఇప్పుడు ఎల్బో. ఇంతదాకా అన్నీ బాగుండి నీళ్ళు తక్కువైతే, లేదా ఏటా ఎలాగూ చూడాల్సిన టైమొస్తే, విప్పు. దీని గురించి కాస్త ఎక్కువ చెప్తా, ఎందుకంటే ఇంజన్‌ను చంపేది నీళ్ళు రాకపోవడం కంటే ఎక్కువగా ఎల్బో లోపలి చిల్లే.

ఎల్బో అంటే రెండు పొరల గొట్టం. లోపలి పొరలో పొగ, రెండు పొరల మధ్య నీళ్ళు. చివరికి వచ్చేసరికి రెండూ కలుస్తాయి. డీజిల్‌లో గంధకం కాలి నీళ్ళతో కలిస్తే యాసిడ్ తయారవుతుంది. దానికి ఉప్పు, వేడి తోడు. ఇన్నిటి మధ్య పోత ఇనుము ఎంతకాలం ఉంటుంది చెప్పు. స్టెయిన్‌లెస్ అయితే నయమే గానీ వెల్డింగ్ చేసిన చోట అదీ తినేస్తుంది. పైన రంగు మెరుస్తూనే ఉంటుంది. లోపలి గోడకు చిల్లు పడితే నీళ్ళు ముందుకు పోకుండా వెనక్కి, మానిఫోల్డ్ (సిలిండర్ల పొగ వచ్చి చేరే గొట్టం) వైపు కారతాయి. ఇంజన్ నడిచినంతసేపు పొగ ఒత్తిడికి బయటికే పోతాయి, నీకేమీ తెలియదు. ఆపాక కారే కొద్ది చుక్కలు తెరిచి ఉన్న ఎగ్జాస్ట్ వాల్వ్ మీద పడతాయి. రెండు వారాల తర్వాత స్టార్ట్ చెయ్యబోతే ఒక సిలిండర్ కొట్టదు, వాల్వ్ తుప్పుపట్టి ఇరుక్కుని ఉంటుంది.

అందుకే విప్పిన ఎల్బోను కేవలం మసి గీకి మళ్ళీ బిగించొద్దు. ఇలా చెయ్:

మానిఫోల్డ్ వైపు మూతిలోకి టార్చి కొట్టి చూడు. నల్లగా, పొడిగా ఉండాలి. తుప్పు చారలు, తెల్లటి ఉప్పు, ఎర్రటి తడి కనపడితే నీళ్ళు వెనక్కి వస్తున్నట్టే. తర్వాత మసి, ఉప్పు అంతా తీసి, చిన్న సుత్తితో చుట్టూ తట్టు. గట్టిగా ఉన్న చోట ఖంగుమంటుంది, పలచబడిన చోట శబ్దం చస్తుంది. చివరగా నీళ్ళు బయటికొచ్చే రంధ్రాలు మూసి, నీళ్ళొచ్చే మూతి పైకి పెట్టి మంచినీళ్ళు నింపి కాసేపు ఉంచు. పొగ వైపు ఒక్క చుక్క చెమర్చినా ఆ ఎల్బో తుక్కే. వెల్డింగ్ చేయించి మళ్ళీ వేద్దామనుకోవద్దు. అక్కడి షువైఖ్ వర్క్‌షాపుల్లో చేసిచ్చేవాళ్ళు దొరుకుతారు, చేసిన చోట నిలుస్తుంది, దాని పక్కన చిల్లు పడుతుంది.

ఎల్బో బాగుంటే కొత్త ప్యాకింగుతోనే బిగించాలి, పాతది తిప్పి వేసే అలవాటు మానెయ్. ఇంజన్ ఒకసారి వేడెక్కి చల్లారాక బోల్టులు మళ్ళీ ఒకసారి సరిచూడు. పని చేస్తున్నా ఐదారేళ్ళు దాటిన పోత ఇనుము ఎల్బో మీ నీళ్ళలో ఉంటే, స్పేర్ ఒకటి తెప్పించి బోటులో పెట్టుకోమని మీ కఫీల్‌కు చెప్పు. అది తొందరలో కొనే కొనుగోలు కాదు, తీరిగ్గా తెప్పించుకునేది.

హోస్ సంగతి. ఇప్పటికే వారం రోజులు తక్కువ నీళ్ళతో నడిపావు కాబట్టి ఇది తప్పకుండా చూడాలి. ఎల్బో మీద నుంచి హోస్ ఊడదీసి లోపలికి చూడు, వేలు పెట్టి తడుము. లోపలి పొర బుడగలా ఉబ్బినా, పొరలుగా ఊడుతున్నా, పెళుసుగా రాలినా మార్చాల్సిందే. బయటి నుంచి కొత్తదానిలా ఉంటుంది. ఊడిన లోపలి పొర లోపలే తలుపులా మూసుకుని, ఆర్‌పీఎం పెంచినప్పుడు మాత్రం పొగను ఆపేస్తుంది. అది దొరకడానికి ఎంతమంది ఎన్ని ఇంజెక్టర్లు విప్పారో నేను చూశా. కొత్తది కొనేటప్పుడు మెరైన్ వెట్ ఎగ్జాస్ట్ హోస్ అనే అడుగు, పైపు మీద ఎస్.ఏ.ఈ. జె2006 అని ముద్ర ఉంటుంది. లారీ రేడియేటర్ హోస్ సైజు సరిపోయిందని వెయ్యొద్దు.

ప్రతి చివరా రెండు క్లాంపులు. క్లాంపు పట్టీ స్టెయిన్‌లెస్ ఉండి స్క్రూ మాత్రం మామూలు ఇనుము ఉండే సరుకు బజార్లో చాలా ఉంది, అయస్కాంతం పెట్టి చూస్తే తెలుస్తుంది. కింది వైపు కనపడని భాగమే ముందు తుప్పు పడుతుంది, చిన్న అద్దం పట్టుకుని చూడు.

సైలెన్సర్ డబ్బా, అదే వాటర్‌లాక్. ఇంజన్ ఆపినప్పుడు పైపులో మిగిలిన నీళ్ళన్నీ వెనక్కి జారి ఇందులో చేరతాయి, అందుకే ఇది అన్నిటికంటే కింద ఉంటుంది. ప్లాస్టిక్ డబ్బా అయితే నీళ్ళు లోపలికి వచ్చే మూతి దగ్గర కరిగిన గుర్తులు ఉన్నాయేమో చూడు. కింద డ్రెయిన్ బిరడా ఉంటుంది, అదెక్కడుందో ఇప్పుడే తెలుసుకుని పెట్టుకో, అవసరం పడొచ్చు.

ఎందుకంటే, ఇంజన్ స్టార్ట్ కాకపోతే అదే పనిగా సెల్ఫ్ కొట్టొద్దు. ఈ మొత్తం జవాబులో నువ్వు ఒక్కటే గుర్తుపెట్టుకుంటావంటే ఇదే పెట్టుకో. సెల్ఫ్ కొట్టినంతసేపు పంపు తిరుగుతుంది, నీళ్ళు ఎల్బోలోకి పోస్తూనే ఉంటుంది. ఇంజన్ అందుకోలేదు కాబట్టి ఆ నీళ్ళను బయటికి తోసే పొగ లేదు. డబ్బా నిండుతుంది, హోస్ నిండుతుంది, తర్వాత మానిఫోల్డ్, ఆ తర్వాత సిలిండర్. నీళ్ళు నొక్కుకుపోవు, పిస్టన్ వాటిని గుద్దితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. రెండు మూడుసార్లకు అందుకోకపోతే సీకాక్ మూసి, ఆ తర్వాత ప్రయత్నించు. అందుకున్న వెంటనే సీకాక్ తెరువు. మర్చిపోతే ఇంపెల్లర్ పొడిగా తిరిగి కాలిపోతుంది, కాబట్టి స్టార్ట్ కీ దగ్గర ఒక చీటీ కట్టుకో. చాలాసేపు కొట్టి ఉంటే ముందు డబ్బా డ్రెయిన్ విప్పి ఖాళీ చెయ్.

సెల్ఫ్ ఒక్కసారిగా టక్కుమని ఆగిపోయి ఇంజన్ తిరగకపోతే బ్యాటరీ వీకనుకుని ఇంకో బ్యాటరీ జాయింట్ వెయ్యొద్దు. అది నీళ్ళు చేరిన లక్షణం కావొచ్చు. ఇంజెక్టర్లు విప్పి, చేత్తో తిప్పి నీళ్ళు బయటికి తెప్పించాలి. డిప్‌స్టిక్ తీసి చూడు, ఆయిల్ పాలలాగా మారి ఉంటే లోపలికి దిగాయని. అప్పుడు ఆయిల్ మార్చడం ఒక్కసారితో పోదు, పాల రంగు పోయేదాకా మారుస్తూ పోవాలి, అదీ ఆ రోజే. ఉప్పు నీళ్ళు రేపటిదాకా ఆగవు.

దీనికి చుట్టమే ఇంకోటి. బోటు వాడాక మంచినీళ్ళతో కడగడం మంచి అలవాటు, ఉప్పు పేరుకోదు. కానీ జెట్టీ మీద కుళాయి హోస్ తెచ్చి నేరుగా ఇంజన్ నీళ్ళ పైపుకు తగిలించి, ఇంజన్ ఆపి, కుళాయి తిప్పి టీ తాగడానికి పోయినవాణ్ణి నేను చూశా. కుళాయి ఒత్తిడికి నీళ్ళు పంపు దాటి ఎల్బోలోంచి సిలిండర్లలోకి పోయాయి. సరైన పద్ధతి ఇది: ఇంజన్ నడుస్తుండగా బకెట్‌లోకి కుళాయి నీళ్ళు పడుతుండాలి, పంపు ఆ బకెట్‌లోంచి తనకు కావలసినంత పీల్చుకోవాలి. ఇంజన్ ఆగితే నీళ్ళు కూడా ఆగాలి.

యాంటీ సైఫన్ వాల్వ్‌ను చాలామంది అసలు చూడరు. ఎల్బోలోకి నీళ్ళు పడే చోటు బయటి నీటిమట్టం కంటే కిందున్నా, పైన 15 సెంటీమీటర్లు కూడా లేకపోయినా, ఇంజన్ ఆగాక సముద్రం తనంతట తనే సైఫన్ అయి లోపలికి పోసుకుంటుంది. దాన్ని ఆపడానికి పైపును పైకి ఎత్తి, మలుపు దగ్గర చిన్న గాలి వాల్వ్ పెడతారు. ఉప్పు పట్టి అది మూసుకుపోతే ఉన్నా లేనట్టే, తెరిచే ఉండిపోతే ఇంజన్ పెట్టెలో ఉప్పు జల్లు. మూత విప్పి లోపలి రబ్బరు ముక్కను గోరువెచ్చని మంచినీళ్ళలో కడగడం ఐదు నిమిషాల పని. ఆర్నెల్లకోసారి చెయ్. పాత బోట్లలో ఎవరో లీకు ఆపడానికి దానికి బిరడా కొట్టి ఉంటారు, అది కూడా చూసుకో.

బయటి చివర గురించి ఒక మాట. పైపు వెనక గోడ దాటేముందు పైకి లేచి మెడలా వంగి దిగుతుంది. వెనక నుంచి అల తోస్తే నీళ్ళు ఆ మెడ దాటకూడదు. ఆ మెడను ఎవరూ కిందికి జార్చి కట్టలేదు కదా చూడు. సామాను పెట్టుకోవడానికి అడ్డమొచ్చిందని కిందికి తోసేస్తుంటారు.

కార్బన్ మోనాక్సైడ్, అంటే సీవో, పొగలో ఉండే విషవాయువు. దీనికి రంగు లేదు, వాసన లేదు. డీజిల్‌లో పెట్రోల్ కంటే తక్కువే, కానీ లేకుండా పోదు. ఎల్బో ప్యాకింగ్ దగ్గర గానీ హోస్ మూతి దగ్గర గానీ చిన్న లీకున్నా పొగ ముందు చేరేది కేబిన్‌లోకే. ఇంజన్ పెట్టె లోపలి గోడల మీద నల్లటి మసి మచ్చ ఎక్కడైనా ఉంటే దాని ఎదురుగా లీకు ఉంటుంది, వెతుకు. కేబిన్‌లో సీవో అలారం లేకపోతే శుక్రవారానికి ముందే పెట్టించు. వెనక నిచ్చెన మీద పిల్లలు కూర్చుని నీళ్ళలో ఆడుతుంటే ఇంజన్ ఆపాల్సిందే, కఫీల్ ఏసీ కోసం నడపమన్నా సరే. ఇది మర్యాదగా, కానీ గట్టిగా చెప్పాల్సిన మాట.

అన్నీ సరిచేశాక ఇంజన్ స్టార్ట్ చేసి, న్యూట్రల్‌లో ఒకే ఆర్‌పీఎం మీద పెట్టి, వెనక పైపు కింద బకెట్ పట్టి పూర్తిగా ఒక నిమిషం నీళ్ళు పట్టు. వాటర్‌లాక్ వల్ల నీళ్ళు గుక్కలు గుక్కలుగా వస్తాయి కాబట్టి పది సెకన్లు పట్టి ఆరుతో హెచ్చవేస్తే లెక్క తప్పుతుంది. ఎన్ని లీటర్లో, ఏ ఆర్‌పీఎమ్మో, ఆ రోజు సముద్రం వేడెంతో నోటుబుక్‌లో రాసుకో. హోస్‌ను ఎల్బో తర్వాత జానెడు దూరంలో ముట్టుకుని చూడు, చెయ్యి పెట్టి ఉంచగలగాలి. వచ్చే నెల అదే బకెట్, అదే ఆర్‌పీఎం. తేడా వస్తే పొగ కనపడకముందే నీకు తెలుస్తుంది.

కింద ఇంకెవరో అడిగారు, బ్రహ్మంసాగర్‌లాంటి రిజర్వాయర్‌లో నడిపే డీజిల్ బోటుకు కూడా ఇవన్నీ కావాలా అని. ఉప్పు లేదు కాబట్టి ఎల్బో చాలా ఎక్కువ కాలం ఉంటుంది, జింక్ బాధ తక్కువ. కానీ నీళ్ళు తగ్గినప్పుడు బురద, ఇసుక పీల్చి ఇంపెల్లర్ తొందరగా అరుగుతుంది. సెల్ఫ్ మాట, సీవో మాట అక్కడా అంతే.

తమ్ముడూ, శుక్రవారం టెన్షన్ పెట్టుకోకు. రేపు పొద్దున్నే సీకాక్, స్ట్రైనర్, ఇంపెల్లర్ ఈ మూడూ చూసెయ్. పంపు పలక విప్పాక ఇంపెల్లర్‌ది, పలక లోపలి వైపుది ఒక్కో ఫోటో పెట్టు. సెయిల్‌డ్రైవా కాదా, ఎల్బో ఎప్పుడు వేశారో కూడా రాయి. ముక్కలు దొరక్కపోతే మాత్రం హీట్ ఎక్స్‌ఛేంజర్ మూత విప్పకుండా స్టార్ట్ చెయ్యొద్దు. అప్పటికీ తేలకపోతే ఆ శుక్రవారం బోటును జెట్టీకే కట్టి ఉంచి, కఫీల్‌కు ఉన్నది ఉన్నట్టు చెప్పు.